సముద్రం ఊరికి బస్సులో

సముద్రం ఒడ్డున గుడి ఉన్న ఆ ఊరికి అద్దె వ్యాను తోలుకుపోవడం అతనికి కూరగాయల బజారుకు పోయి వచ్చినంత అలవాటు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, రిటైరైన గుమాస్తాలు, పిల్లలు పరీక్ష గట్టెక్కితే వస్తామని మొక్కుకున్న తల్లిదండ్రులు, ఇలా ఎందరెందరినో తీసుకుపోయి దింపాడు, మళ్ళీ ఎక్కించుకొచ్చాడు. అతని భార్య కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. దుకాణానికి రంగులు వేయిస్తూ యజమానురాలు రెండు రోజులు సెలవిచ్చింది. "మనమూ ఒకసారి ఆ ఊరు పోయొద్దాం" అని ఆమె అనగానే ఇంట్లో ఎవరికీ దారి గురించి బెంగ కలగలేదు. తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడాయె.

ఇంట్లో మూడో మనిషి అత్త. ఆవిడ అతనికి ముందు మేనత్త, తర్వాతే పిల్లనిచ్చిన అత్తగారు. అందుకని అల్లుడికి మర్యాదలూ, 'మీరు'లూ ఆవిడ దగ్గర ఏనాడూ లేవు.

సాయంత్రం ముగ్గురూ కూర్చున్నారు. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"తెల్లారకముందే బయల్దేరాలి. పొద్దెక్కితే లారీలు దారివ్వవు. సగం దూరంలో ఒక టీకొట్టుంది, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. ఊళ్ళోకి పోగానే కనిపించే పార్కింగులో మాత్రం పెట్టకూడదు, చినుకు పడితే బురద. వెనకాల ఇంకోటుంది. అక్కడ గోడ నీడ మధ్యాహ్నం దాకా ఉంటుంది. బండి మూతి గోడకేసి పెట్టామా, సీట్లు కాలవు."

భార్య ఒళ్ళో ఒక కర్టెను గుట్టగా పడివుంది. అంచు మడిచి కుడుతూనే అడిగింది. "అక్కణ్ణించి గుడికి ఎటు పోవాలి?"

"అందరూ పోతుంటారుగా, అటే."

"లైను ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేం. ఒక్కోసారి టీ తాగేలోపే వచ్చేస్తారు. ఒక్కోసారి పేపరంతా చదివి, ఓ కునుకు తీసి లేచినా రారు."

సూది ఆగింది. "వస్తారు, రారు ఏంటండీ? మీరెక్కడుంటారు?"

"బండి దగ్గర."

"ఎప్పుడూనా?"

"మరి? సామానంతా బండిలోనే కదా. ఎవడైనా అద్దం పగలగొట్టి పట్టుకుపోతే జవాబు చెప్పుకోవాల్సింది నేనేగా."

"పోనీ, సముద్రం చూశావా?" అంది అత్త.

"చప్పుడు వినిపిస్తుంది. లాడ్జీల వెనకుంటుంది."

అత్త పకపకా నవ్వింది. "దీపం కింద చీకటంటే ఇదేరా అల్లుడూ! నువ్వు తెచ్చిన ప్రసాదం కళ్ళకద్దుకుని తింటూ, మావాడు నా పేరు కూడా చెప్పి దండం పెట్టుంటాడని మురిసిపోయాను."

"అది బేరంవాళ్ళు ఇచ్చేది. దర్శనం చేసుకున్నానని నేనెప్పుడైనా చెప్పానా?"

నిజమే, చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు. భార్య మాత్రం నవ్వలేదు. అతని ముఖంలోకి ఒకసారి చూసి, మళ్ళీ కుట్టుకోసాగింది.

మర్నాడు సెలవు అడిగితే వ్యాను ఓనరు పెద్దగా నవ్వి అతని భుజం తట్టాడు. "నక్కను తొక్కి వచ్చావయ్యా! సరిగ్గా ఆ రెండు రోజులకే, ఆ ఊరికే ఒక బేరం తగిలింది. ఏడుగురు. వెనక సీటంతా ఖాళీ. మీవాళ్ళని అందులో కూర్చోబెట్టుకో. నీ బత్తా నీకొస్తుంది, వాళ్ళ దర్శనం వాళ్ళకవుతుంది."

స్వామికార్యం, స్వకార్యం ఒకేసారి తీరిపోతున్నాయని అతను ఈలవేసుకుంటూ ఇల్లు చేరాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచే సంగతి చెప్పేశాడు. భార్య తడిచేతులు తుడుచుకుంటూ అంతా విన్నది.

"ఆ ఏడుగురూ గుడిలోకి పోయినప్పుడు బండి దగ్గర ఎవరుంటారు?"

అతను వంగి చెప్పులు విప్పసాగాడు.

"మీరే ఉంటారు. నేనూ అమ్మా లైన్లో నిలబడి మీకు ప్రసాదం తెచ్చిస్తాం. కళ్ళకద్దుకుని తిందురుగాని." ఆమె గొంతు పెంచలేదు. "డ్రైవర్ని పెట్టుకుని పోవాలని నాకు లేదండీ. మొగుడితో పోవాలనుంది. బస్సెక్కుదాం."

"బస్సా! ఆ తోలేవాడెవడో, ఎలా తోలతాడో..."

"నీ బండెక్కేవాళ్ళు నీ జాతకం చూసి ఎక్కుతున్నార్రా?" అంది అత్త లోపల్నించి.

ఓనరు మొహం మాడ్చుకున్నాడు. వచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటున్నావన్నాడు. చివరికి వేరే డ్రైవర్ని పిలిపించాడు. ఆ పెద్దమనిషిని అందరూ 'నిదానం' అంటారు. ఆయన వెనక ఇరుక్కున్న సైకిళ్ళు కూడా బెల్లు కొడతాయని పేరు. తాళాలు ఇస్తూ అతను ఎన్ని జాగ్రత్తలు చెప్పాడో! రెండో గేరు కాస్త మొరాయిస్తుంది, బలవంతం చేయొద్దు. పక్క తలుపు పైకెత్తి లాగాలి. వేడెక్కితే వెంటనే మూత తీయొద్దు. "పిల్లని కాపురానికి పంపుతున్నట్టుందే నీ వాలకం" అన్నాడు నిదానం, నిదానంగా.

బస్సులో అతను డ్రైవరు వెనక సీటుకేసి నడవబోతే, భార్య మోచెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. మలుపు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు నేలను గట్టిగా అదుముతోంది. ఎదురుగా లారీ వస్తే చెయ్యి హారను కోసం గాల్లో వెతుక్కుంటోంది.

"ఒరే, ఆ నేల ఏం పాపం చేసిందిరా?" అంది వెనక సీట్లోంచి అత్త.

టీకొట్టు దాటాక కాలు సద్దుమణిగింది. అప్పుడు కిటికీలోంచి చూశాడు. గట్టుకు అవతల కనుచూపు మేర ఉప్పుమడులు. తెల్లటి కుప్పలు, వాటి మధ్య నీళ్ళల్లో ఆకాశం, మోకాళ్ళదాకా బట్టలెగ్గట్టి పారలతో మనుషులు. ఇన్నేళ్ళలో ఆ గట్టు పక్కనుంచి ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. రోడ్డు మీది గుంతలన్నీ నోటికి వచ్చు గాని, ఇది ఒకటుందని తెలియదు. భార్యను తట్టి చూపించాడు. ఇద్దరూ మెడలు తిప్పి, మడులు కనుమరుగయ్యేదాకా చూశారు.

బస్టాండు ఊరికి ఇంకో కొసన ఉంది. దిగాక అతను అటు తిరిగి, ఇటు తిరిగి, తల గోక్కున్నాడు. భార్య పూలమ్మే ఆవిడను అడిగి దారి తెలుసుకుని ముందు నడిచింది. అతను సంచి భుజాన వేసుకుని ఆమె వెనకే నడిచాడు.

గుడిలో లైను మెల్లగా కదిలింది. అత్త మోకాళ్ళు నొప్పులంటూనే చుట్టూ ఉన్న వాళ్ళందరి ఊరూ పేరూ కనుక్కుంది. లోపల తోపులాటలో అతను ఒక్క క్షణం నిలబడ్డాడో లేదో, వెనకవాళ్ళు బయటికి నెట్టేశారు.

"చూశారా?" అంది భార్య.

"కళ్ళు కనిపించాయి. మిగతాదంతా పూలే." సంచి భుజం మార్చుకుంటూ, "ముగ్గురి పేర్లూ చెప్పాను" అన్నాడు.

ఎండ తగ్గాక లాడ్జీల వెనక్కి నడిచారు. సందు మలుపు తిరగ్గానే సముద్రం. చప్పుడును బట్టి అతను ఊహించుకున్నదానికీ, ఎదురుగా ఉన్నదానికీ పోలిక లేదు. పొడి ఇసుకలోనే నిలబడిపోయాడు. "నీళ్ళలోకి రండి" అని భార్య పిలిస్తే, ప్యాంటు తడుస్తుందన్నాడు. ఫోనుందన్నాడు. తర్వాత చూద్దామన్నాడు.

అత్త చెప్పులతోనే దిగింది. ఒక అల వచ్చి ఆవిడ ఎడమకాలి చెప్పు ఊడబెరుక్కుని పోయింది. "ఒరే, నా చెప్పు!" అని కేక వినబడగానే అతను ఉన్నపళంగా నీళ్ళలోకి పరిగెత్తాడు. మోకాలి లోతు, నడుం లోతు. చెప్పు చేతికందినట్టే అంది జారిపోయింది. అంతలో ఇంకో అల అతన్నే ఎత్తి ఇసుకలో బోర్లా పడేసింది. లేచేసరికి నోటినిండా ఉప్పు, చేతిలో చెప్పు. అది అత్తది కాదు, ఏ పిల్లదో.

భార్య నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడింది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆమె అంతలా నవ్వడం అతను చూడలేదు. "దేవుడు పిలిస్తే రానివాడు చెప్పు పిలిస్తే వచ్చాడే!" అంది అత్త. అతనూ నవ్వి, మళ్ళీ నీళ్ళలోకి పోయాడు. ఈసారి ఏ పనీ లేకుండానే. చీకటి పడేదాకా ముగ్గురూ బయటికి రాలేదు.

జేబులోని ఫోను అతనికి లాడ్జికి వచ్చాకే గుర్తొచ్చింది. దులిపితే ఇసుక, పిండితే నీళ్ళు. ఇంటికి తిరిగొచ్చాక రిపేరు కొట్టువాడు దాన్ని చూసి పెదవి విరిచాడు. ఇంకోటి కొనేదాకా ఓనరు బేరాల సంగతులన్నీ భార్య ఫోనుకే చేసి చెప్పాల్సొచ్చింది. ఆమె కుట్టుమిషను ఆపి, "ఏ ఊరు? తిరిగి ఎప్పటికొస్తారు? మధ్యలో పడుకోనిస్తారా?" అని అన్నీ అడిగి, జవాబులు నచ్చాకే ఫోను మొగుడి చేతికిచ్చేది.