గుంత పడిన పరుపు

లాల్‌బీ బెత్తంతో ఇంకో దెబ్బ వేసింది. పరుపు పొంగింది. ఊపిరి పీల్చుకునేంతలో మళ్లీ అదే చోట గుంత పడింది.

ప్రొద్దుటూరులోని ఆ దూది మిషన్ అంగట్లోనే ఆమె వయసంతా గడిచింది. కనుబొమల మీద, వేళ్ల సందుల్లో ఎప్పుడూ దూది పోగులే. కుట్టిన ప్రతి పరుపు మీదా ఓసారి పడుకుని, వీపుతో గడ్డలు వెతకడం ఆమె పద్ధతి. చేతికి అందనిది వీపుకు తెలుస్తుందంటుంది.

ఈ పరుపు పక్కింటి జువేరియాది. ఆ పిల్లకు నెలలు నిండాయి.

గుంత ఒత్తిగిలి పడుకున్న మనిషిలా ఉంది. తల, భుజం, ముడిచిన మోకాళ్లు. కడుపు ఆనేచోట మరీ లోతు.

"వాహిదప్పా, ఆ మూల మూటలో దూది యాడిది?"

అంగడి యజమాని వాహిద్ మిషన్ ఆపకుండానే అరిచాడు. "జమ్మలమడుగుది. ముసలామె పోయిందంట. కాల్చేయమని ఇచ్చినారు."

లాల్‌బీ బెత్తం కింద పెట్టేసింది. పోయినవాళ్ల పరుపు దూది ఇంకొకరి పరుపులో పెట్టరు. పొద్దున దూది చాలక, అడక్కుండా ఆ మూటలోంచే రెండు పిడికిళ్లు దూర్చింది.

"నేను దీంట్లో ఏసినానప్పా."

"ఏసినావులే. సచ్చినామె వచ్చి నా దూది ఇయ్యమంటాదా ఏంది? కుట్టేయ్ అత్తా."

ఆమె కుట్లు విప్పింది. ఏది ఎవరి దూదో తెలియలేదు. అంతా తీసి కొత్తది కూరి, మళ్లీ కుట్టుకొచ్చింది. చివరి కుట్టు మిగిలి ఉండగానే గుంత పడింది.

అప్పుడే జువేరియా నడుము పట్టుకుని వచ్చింది. "అయిందా అవ్వా? నడుము పీకుతాంది, రొంత పండుకుంటా." అంచు మీద చెయ్యి ఆనించింది. గుంత ఇంకాస్త దిగింది.

"ఆగు బిడ్డా! ఇంగా నా వీపు సూడల్ల. పోయి టీ తాగి రాపో."

ఆ పిల్ల వెళ్లగానే లాల్‌బీ పడుకుంది. వెల్లకిలా కాదు, ఒత్తిగిలి. లోపల బావి గచ్చులా చల్లగా ఉంది. బక్క ఒళ్లు, గుంత నిండలేదు. మోకాళ్లు ముడుచుకుంది.

"పిల్లది వద్దమ్మా," అంది ఎవరితోనో. "తప్పు నాది. నేనుండా కదా."

దూది మెల్లగా కదిలింది. వీపు దగ్గర, మెడ దగ్గర, కడుపు దగ్గర బిగుసుకుంటూ ఆమె కొలతకు వచ్చింది. మిషన్ చప్పుడు దూరమైపోయింది.

జువేరియా అవ్వకూ ఓ గ్లాసు టీ తెచ్చింది. పిలిచింది. భుజం తట్టి చూసి, కేక పెట్టింది.

వాహిద్ లాల్‌బీని ఎత్తగానే పరుపు పైకి లేచి చదునైంది, దాని మీద ఎవరూ పడుకోనట్టే. అంచున దిగేసిన దబ్బనం అలాగే ఉంది. బెజ్జంలో దారం ఉంది, దారం కొసన ముడి ఇంకా పడలేదు.