కాకి ముట్టేదాకా

నిర్మలమ్మ తన వదిన నోటికాడి కూడు తీసి కాకికి వేసింది. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు. పెన్నలో ఇసుక ఉందన్నంత నిజం ఇది ఓబుళరెడ్డికి.

నిర్మలమ్మ అతని చెల్లెలు. పులివెందులలో కాపురం. వదిన అంటే ఓబుళరెడ్డి భార్య రమణమ్మ. ఇప్పుడు లేదు.

పోయినేడు భాద్రపదంలో రమణమ్మ కడుపులో గడ్డ ముదిరిపోయింది. ప్రొద్దుటూరు డాక్టరు కాగితాలన్నీ మళ్లీ కవర్లో పెట్టి చేతికిచ్చాడు. "మీ ఊరికే, జమ్మలమడుగుకు తీసుకుపోండి. ఇంట్లో ఉండనీండి. ఏమడిగితే అది పెట్టండి" అన్నాడు.

అడిగితే కదా పెట్టడం. పదకొండు రోజులు ఆమె ఏమీ అడగలేదు. రాగిజావ, మజ్జిగ, బత్తాయిరసం, చెంచా పెదవికి తగలగానే తల గోడవైపు తిప్పేది. ఓబుళరెడ్డి బతిమాలాడు, కసిరాడు, ఒకపూట ఏడ్చాడు కూడా. మనిషి మంచానికి అంటుకుపోయింది. జాకెట్టు చేతులు వదులై భుజాల మీద వేలాడుతుంటే చూడలేక అతను వసారాలో కూర్చునేవాడు.

పన్నెండో రోజు పెద్దల అమావాస్య, పోయినవాళ్ల పేరున ఆకు వేసి పెట్టే రోజు. పొద్దున్నే పక్కింటి మైమూన్ వచ్చింది. ఆమె మొగుడు జిలానీకి బస్టాండు దగ్గర బేకరీ ఉంది. రమణమ్మకు పొద్దుపోతుందని మైమూన్ రోజూ కాసేపు పక్కన కూర్చుని సెల్లులో ఏవో చూపించేది. ఆరోజు చూపించింది వేరే దేశపు వంట. కిటికీ అవతల చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. ఇవతల ఒకామె ఉడికిన గుమ్మడికాయను మెదిపి, గుడ్డూ పాలూ చక్కెరా కలిపి, బ్రెడ్డు ముక్కలు అందులో ముంచి పెనం మీద కాలుస్తోంది.

"ఏంది మే అది?" అంది రమణమ్మ.

"ఫ్రెంచ్ టోస్ట్ అంటారక్కా. ఆకులు రాలే కాలంలో వాళ్లకు పొద్దున టిఫినంట. గుమ్మడికాయేసి చేస్తాండాది."

"మళ్లీ చూపీ."

మూడుసార్లు చూసింది. తర్వాత గొంతు పెంచి పిలిచింది. "ఏమయ్యా! నాకు ఆ గుమ్మడికాయ రొట్టె గావాల."

వసారాలోంచి ఓబుళరెడ్డి చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. "ఏంది? మళ్లీ చెప్పు."

"రొట్టె. నువ్వే చెయ్యల్ల."

"నేనా? నాకు పొయ్యి ముట్టిచ్చేది గూడా రాదు గదే."

"నలభై ఏండ్లు నేను చేస్తే తింటా, ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అన్యావు. ఈ పొద్దు నువ్వు చెయ్. నేను వంకలు పెడతా."

మైమూన్ నవ్వింది. ఓబుళరెడ్డి నవ్వలేదు. సంచీ తీసుకుని మార్కెట్టుకు పరిగెత్తాడు.

అక్కడ గుమ్మడికాయలు గుట్టలుగా ఉన్నాయి. అన్నీ బూడిద గుమ్మడికాయలే.

"అమావాస్య గదా రెడ్డీ, అందరూ దిష్టికే అడుగుతాండారు. ఇది కట్టుకో, ఇంటికి మంచిది" అన్నాడు అంగడివాడు.

"కట్టేదానికి గాదప్పా, తినేదానికి. తీపి గుమ్మడి."

"ఈ పొద్దు అదెవురు తెస్తారు? ఎల్లుండి రా."

ఎల్లుండికి ఆమె అడుగుతుందో లేదో. ప్రతి అంగడీ, ప్రతి తోపుడుబండీ తిరిగాడు. సందుల్లో పాదుపాకిన ఇళ్ల తలుపులు కూడా తట్టాడు. యాడా లేదు. ఉత్త సంచీతో ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఆటో ఆగి ఉంది. నిర్మలమ్మ దిగుతోంది. ఆమె ఒడిలో, చంటిబిడ్డ మాదిరి, పండిన తీపి గుమ్మడికాయ.

"అమ్మకు గుమ్మడికాయ పులుసంటే ప్రాణం గదన్నా. పెద్దోళ్ల ఆకులోకి తెచ్చినా" అంది.

ఓబుళరెడ్డి కాయను రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాకు సగమియ్. మీ వదిన అడిగింది. నోరు తెరిచి అడిగింది మే!"

నిర్మలమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇయ్యనా? తీసుకో. కాకపోతే ఇది పెద్దోళ్ల పేరు చెప్పి తెచ్చిన కాయ. వాళ్లకు పెట్టి, కాకి ముట్టినాకనే మనుషుల నోట్లోకి పోవల్ల. అట్లని మాటియ్."

"ఇస్తాండా" అన్నాడు. ఆ నిమిషాన ఆస్తి అడిగినా ఇచ్చేవాడే.

నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు కోయరు. మొదటి వేటు మగవాడే వేయాలి. ఓబుళరెడ్డి పుట్టి బుద్ధెరిగి వంటింట్లో చేసిన పని అదొక్కటే. మచ్చుకత్తి తెచ్చి ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేశాడు. తర్వాత ఏం చేయాలో తెలియక కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"గింజలు తియ్ అన్నా. ముక్కలు కొయ్. ఉడకబెట్టు" అని మైమూన్ చెప్పుకుంటూ వచ్చింది. జిలానీ బేకరీ నుంచి బ్రెడ్డు తెప్పించింది. ఒక పొయ్యి మీద నిర్మలమ్మ పెద్దలకు అన్నమూ పులుసూ వండుతోంది. రెండో పొయ్యి ఓబుళరెడ్డిది.

గుడ్డు పగలగొడితే పెంకు గిన్నెలో పడింది. వేలితో ఏరాడు. ఉడికిన గుమ్మడిని గరిటెతో మెదిపి పాలు పోశాడు. చక్కెర, యాలకులు, దంచిన దాల్చినచెక్క వేశాడు. మొదటి బ్రెడ్డు ముక్క ముంచి తీయబోతే సగం చేతికి వచ్చింది, సగం గిన్నెలో మిగిలింది.

"ఊరబెట్టొద్దన్నా! అది ఇడ్లీపిండి గాదు. ఇట్లా ముంచు, అట్లా తియ్. మేం బ్రెడ్డుతో చేసే తీపి తుకడా మాదిరే" అంది మైమూన్.

రెండోది మాడింది. మూడోది కుదిరింది. నెయ్యిలో అంచులు ఎర్రబడి, నడుమ పసుపుగా పొంగింది. చెక్కా గుమ్మడీ కలిసిన వాసన ఇల్లంతా తిరిగి మంచం దాకా పోయింది.

"అయిందా?" అని రమణమ్మ గొంతు.

ఓబుళరెడ్డి తొంగిచూశాడు. పదకొండు రోజులుగా లేవని మనిషి మోచేయి ఆనించి లేచి కూర్చుంది. నాలుగు ముక్కలు కాల్చి ప్లేటులో పెట్టుకుని అడుగు వేశాడు.

"ఆగన్నా. ఇంగా కాకి ముట్టలే" అంది నిర్మలమ్మ.

అప్పటికే మిద్దె మీద ఆకు వేసి వచ్చింది. అన్నం, పులుసు, వడలు. "కాసేపే గదా. పెద్దోళ్లకు కోపమొస్తే ఎవురి మీద పడతాది? వదిన మీదనే గదా. ఆమె బాగుండల్లనే గదా నేను చెప్తాండేది."

ఆ మాటే అతన్ని పట్టేసింది. ఒకవేళ నిజమైతే? అమ్మా నాయనా చల్లగా చూస్తే, ఈ పూట మొదలుపెట్టిన తిండి రేపు కూడా తింటే? ప్లేటు చేతిలో ఉండగానే మెట్లెక్కి మిద్దె మీదికి పోయాడు.

"కా! కా!" అని పిలిచాడు.

కాకులు లేకపోలేదు. ఊరంతా మిద్దెల మీద ఆకులే ఆరోజు. ప్రతి మిద్దె మీదా ఎవరో ఒకరు ఆకాశంలోకి చూసి అరుస్తున్నారు. తిన్న కాకులు తీగల మీద కూర్చుని ముక్కులు రుద్దుకుంటున్నాయి. వాటికేం కొదవ.

"ఏమయ్యా, యాడికి పోయినావు?" కింద నుంచి రమణమ్మ.

"వస్తాండా! ఒక్క నిమిషం!"

వెనకే మిద్దెక్కిన నిర్మలమ్మ చేతులు జోడించింది. "అమ్మ అలిగినట్టుండాది. ఏమన్నా మాటియ్యన్నా, వస్తాది."

ఓబుళరెడ్డి ఇచ్చాడు. ఏడాదికి రెండుసార్లు పెడతానన్నాడు. బ్రహ్మంగారిమఠం నడిచి పోతానన్నాడు. గుండు చేయించుకుంటానన్నాడు. అరవై ఏడేళ్ల మనిషి ఒక చేత్తో ప్లేటు పట్టుకుని, ఇంకో చెయ్యి చాచి తీగ మీది కాకిని "రామ్మా, రా తల్లీ" అని బతిమాలాడు. కాకి అటు తిరిగి కూర్చుంది.

"చల్లారిపోతాది గదయ్యా." ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

మైమూన్ మెట్ల మీద నుంచి అరిచింది. "అన్నా, దిగిరా! కాకి కోసరం మనిషిని మాడుస్తారా?"

"నీకు తెలీదులే మైమూనా. ఇది మా పెద్దోళ్ల సంగతి" అంది నిర్మలమ్మ.

ఓబుళరెడ్డి దిగలేదు. ఇదిగో వస్తుంది, ఇదిగో వాలుతుంది అనుకున్నాడు. ఎండ పిట్టగోడ దాటి ఆకు మీదికి వచ్చింది. అన్నం పైన ఎండిపోయింది. కింద నుంచి పిలుపు ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి అతనికి చాలాసేపటికి గానీ తెలియలేదు. తెలియగానే ప్లేటులోంచి ఒక ముక్క తీసి ఆకు మీదికి విసిరికొట్టాడు. "తిను! ఇదన్నా తిను!"

రెప్పపాటులో కాకి వాలింది. అన్నం ముట్టలేదు. టోస్టు ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

ఓబుళరెడ్డి మెట్లు దూకుతూ దిగాడు. రమణమ్మ పడుకుని ఉంది. మొహం గోడవైపు ఉంది.

"రమణా, లెయ్. తెచ్చినా. వేడి చేసుకొస్తా, ఒక్క నిమిషం."

"వద్దులేయ్యా. పోయింది."

"ఏం పోయింది?"

"ఆకలి. వచ్చింది, చూసింది, పోయింది."

అతను చిన్న ముక్క తుంచి పెదవుల దగ్గర పెట్టాడు. అతని కోసం నోరు తెరిచింది. నాలుక మీద కాసేపు ఉంచుకుంది. మింగలేక బయటికి తోసింది. అతను అరచేత్తో పట్టుకున్నాడు.

"కాకి తినిందా?" అంది కళ్లు మూసుకునే.

"తినింది."

"ఎట్లుందంట?"

ఆమె పెదవి ఒక కొస కొద్దిగా వంగింది. వంకలు పెడతానన్న మనిషి ఆ ఒక్క మాటతో సరిపెట్టింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉంది. ఇంకేమీ అడగలేదు.

ఈ ఏడు మళ్లీ పెద్దల అమావాస్య వచ్చింది. నిర్మలమ్మ ఆటో దిగింది, ఒడిలో గుమ్మడికాయతో. ఓబుళరెడ్డి గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"వదినకు ఆ రొట్టె చేసి ఆకులో పెడదామన్నా. ఆశపడింది గదా" అంది.

"మనిషుండంగా కాకికి పెడితిమి. ఇప్పుడు కాకొచ్చి తింటే ఆమె తినినట్టా?"

"నేనేం చెడుకు చెప్తినా?"

"నన్ను మిద్దె మీద నిలబెట్టి ఆమెను కడుపు మాడ్చి పంపినావు."

నిర్మలమ్మ కాయను అరుగు మీద పెట్టింది. ఆమెకూ ఏడాదిగా దిగమింగిన మాట ఉంది. "అంతా నామీదనే వేస్తాండావు. ప్లేటు ఎవురి చేతిలో ఉన్యాదన్నా? పది మెట్లు. దిగితే ఎవురొద్దన్యారు? నేనేమన్నా నీ కాళ్లు పట్టుకొని ఆపినానా?"

గోడ అవతల గుడ్డలు ఆరేస్తున్న మైమూన్ చేతులు ఆగిపోయాయి. ఓబుళరెడ్డి ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

అతను గుమ్మడికాయను ఎత్తాడు. తీసుకుపోయి ఆటో సీటు మీద పెట్టాడు. చెల్లెలి సంచీ కూడా పెట్టాడు.

"ఎక్కు."

"అన్నా..."

"ఇంగ ఈ మాట నాకాడ ఎవురూ ఎత్తగూడదు. నువ్వు ఎత్తగూడదు, నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను. ఎక్కు."