రెండో ఏడు కాయని చెట్టు

చేటలో బియ్యం సగం ఏరాను. గడప దగ్గర కూర్చుంటే ముందుగదిలో కంప్యూటర్ కనిపిస్తుంది. దాని ముందు జోజిబాబు కూర్చుని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. అతను మా అన్నయ్య సురేష్ స్నేహితుడు, నూజివీడులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. అన్నయ్య గుమస్తాగా పనిచేసే మామిడికాయల గోడౌన్‌లో లారీలకి చీటీలు తీయడానికి కంప్యూటర్ కావాలట. మా ఇంట్లోది ఇస్తానని అన్నయ్య మాటిచ్చేశాడు. అందులో ఉన్నదంతా తుడిచేసి, సాయంత్రానికి అక్కడ పెట్టాలి.

"దాచుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా చెల్లెమ్మా? ఫార్మాట్ కొడితే ఇక తిరిగి రావు" అన్నాడు.

మా వదిన శ్రావణి గోడకి ఆనుకుని నిలబడింది. "ఏమీ లేవన్నయ్యా. అన్నీ సగం సగం పనులే."

ఆ సగం పనులన్నీ నాకు తెలుసు. వదిన డిప్లొమా చదివే రోజుల్లో కొన్న కంప్యూటర్ అది. పెళ్ళయ్యాక విస్సన్నపేట నుంచి చీరల పెట్టెతోపాటు తెచ్చుకుంది. మూడేళ్ళుగా వంటయ్యాక దాని ముందు కూర్చునేది, నేను పక్కన పీట వేసుకుని చూసేదాన్ని. నాకు ప్రోగ్రాం రాయడం రాదు. మా ఊరి బడిలో కంప్యూటర్ మీద కప్పిన గుడ్డని మాత్రమే చూశాను. కానీ ఒక మనిషి పనిచేస్తుంటే చూడటానికి చదువెందుకు?

మొదట కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే ప్రోగ్రాం రాసింది. మైకులోంచి విని, మూడు కాగానే గంట కొట్టాలి. అది పక్కింటి శౌరిగారి కుక్కర్ని కూడా కలిపేసుకుని, మా కందిపప్పు పలుకుగా ఉండగానే గంట కొట్టింది. వదిన వారం రోజులు రెండు కుక్కర్లనీ విని తేడా పట్టుకోవాలని చూసింది. కుదరక వదిలేసింది. ఆ వారం తర్వాత మాత్రం ఏది మాదో, ఏది వాళ్ళదో నేను కళ్ళు మూసుకుని చెప్పగలిగాను.

తర్వాత హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు దాటే ఆట. ప్రతి లారీకీ వేరే హారన్. అందుకోసం ఒక మధ్యాహ్నమంతా జంక్షన్‌లో ఫోన్ పట్టుకుని నిలబడింది. బస్సు తప్పిపోయిందా అమ్మా అని టీకొట్టాయన రెండుసార్లు అడిగాడట. హారన్లన్నీ కుదిరాయి. రోడ్డు దాటే ముసలామెకే అడుగులు పడలేదు, గచ్చు మీద సబ్బులా జారిపోయేది.

అన్నిటికన్నా పెద్దది 'తోట'. మామిడికాయలు కోసి పెట్టెల్లో నింపే ఆట. ఏడాదిన్నర చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. నలభైమంది ఆడారు. రెండో ఏడు చెట్టు కాయట్లేదు, తప్పుంది, సరిచెయ్యమని చాలామంది రాశారు. వదిన ఒక పూట కూర్చుని, చెట్టు ఏటా విరగకాసేలా మార్చింది. మర్నాడు పాతదే మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

జోజిబాబు చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది.

"ఆగు జోజన్నా" అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. ఇంట్లో నా గొంతు వినపడటమే తక్కువ. "అమ్మ ఒక్కసారి కూడా 'తోట' ఆడలేదు. ఆడాక తుడువు."

అమ్మ నారాయణరావుగారి తోటలో కోతకి వెళ్తోంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చి అప్పుడే చెయ్యి కడుక్కుంది. "పొద్దున్నుంచీ నేనాడింది చాల్లేదా? అన్నం తిన్నాక కూడా కాయలు కొయ్యాలంటే!" అంటూనే కొంగుతో చెయ్యి తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. మౌస్‌ని పిడికిట్లో పట్టుకుంది.

మొదటి ఏడాది చెట్టు కొమ్మలు వంగిపోయేలా కాసింది. అమ్మ ఒక్కొక్కటీ నొక్కుతూ పెట్టెలు నింపింది. రెండో ఏడు చెట్టు నిండా ఆకులే.

జోజిబాబు నవ్వాడు. "చూశావా పిన్నీ, చెట్టు చెడిపోయింది. దీన్నే మేం బగ్ అంటాం."

"చెడింది చెట్టు కాదురా, నీ బుర్ర. నూజివీడులో పుట్టి అనాల్సిన మాటేనా అది? నిరుడు అంత కాసిందా! ఈ ఏడు ఊపిరి తీసుకోవద్దూ?" అంది అమ్మ.

వదిన గోడ వదిలి ముందుకి వచ్చింది. తెర మీద కాదు, అమ్మ మొహం మీద ఉంది ఆమె చూపు.

అమ్మ మూడో ఏడాదిలోకి వెళ్ళి మళ్ళీ కోసింది. కాసేపటికి ఆగింది. "అంతా బానే ఉంది గానీ, సొన ఏదమ్మాయ్?"

"సొనా?"

"తొడిమ ఊడపీకి, కాయని సరాసరి పెట్టెలో పడేస్తున్నావు. బోర్లించి సొన కారనివ్వవా? పొద్దుటికి కాయ మీద నల్లటి చారలు తేలతాయి. మా మేస్త్రీ అయితే నిన్ను ఆ పూటే పనిలోంచి మానిపించేవాడు."

జోజిబాబు మళ్ళీ నవ్వబోయి వదినని చూసి ఆగిపోయాడు.

"ఎంతసేపు కారుతుంది అత్తయ్యా?"

"గడియారం పెట్టుకుని చూస్తామా ఏంటి? చల్లపూట కోస్తే ఎక్కువ. ఎండెక్కాక తక్కువ."

"ఒకేలా కారుతుందా?"

"మొదట చిమ్ముతుంది. కంట్లో పడిందా, ఇక చూసుకో. తర్వాత బొట్లు బొట్లుగా."

"బొట్టుకీ బొట్టుకీ మధ్య ఎంత..."

"నోటితో చెబితే ఏం తెలుస్తుందే, చూడాలి గానీ" అంది అమ్మ, కుర్చీలోంచి లేస్తూ. "అక్కడ ఇంకా కోస్తూనే ఉన్నారు."

వదిన మూడేళ్ళుగా తోటల మధ్యే ఉంది. కాయల్ని ఎప్పుడూ పెట్టెలోకి చేరాకే చూసింది. ఈ తప్పు ఆ నలభైమందిలో ఒక్కరికీ దొరకలేదు.

"మరి ఏం చేయమంటావు చెల్లెమ్మా? సాయంత్రానికి పెట్టకపోతే సురేష్ నన్ను తిడతాడు" అన్నాడు జోజిబాబు.

వదిన వంగి ఆటని మూసింది. కంప్యూటర్ ఆపింది. తెర నల్లగా అయ్యేదాకా నిలబడి, పెన్‌డ్రైవ్ లాగి అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

ఆమె నన్ను దాటుకుని గడప దిగింది. చెప్పులేసుకుని, అమ్మ కోసం కూడా ఆగకుండా, నారాయణరావుగారి తోట వైపు నడిచి వెళ్ళిపోయింది.