ఊడి రావడానికి పుట్టిన మేకు

నేను ఒక తుమ్మకర్ర మేకును. జానెడు పొడవు, బొటనవేలంత లావు. ఇనుప మేకులకున్నట్టు నాకు తల లేదు. పొగరూ లేదనే అనుకుంటాను.

గోదావరి మధ్య లంకలో పెద్దిరాజు ఇల్లు కట్టుకున్నప్పుడు వడ్రంగి వీరాచారి నన్ను చెక్కాడు. టేకు దూలాలనూ స్తంభాలనూ ఒకదానిలో ఒకటి దూర్చి, చిట్టచివరికి వసారా దూలంలో నన్ను దిగగొట్టాడు. నన్ను తీస్తే తప్ప ఆ ఇంట్లో ఇంకే కర్రా కదలదు. దూలం అవతలి పక్కకి వచ్చిన నా కొసను మాత్రం రెండు వేళ్ల మేర బయటికి వదిలేశాడు.

"అదేటి ఆచారీ, కోసెయ్యవా?" అన్నాడు పెద్దిరాజు.

"ఇల్లు ఎవుడైనా కడతాడండి. లంకలో ఊడదీయడానికి వీలుగా కట్టాలి. ఏరు మీదికొచ్చిననాడు ఆ కొస మీదే కొట్టాలండి."

పెద్దిరాజు పొడగరి. వసారాలోకి వచ్చినప్పుడల్లా ఆయన నుదుటికి తగిలేదాన్ని. "దీన్ని కోసి పారేత్తాను" అని తిట్టేవాడు. భార్య నూకరత్నం నవ్వుతూ ఆ బొప్పికి పసుపు అద్దేది. కాస్త తల వంచితే సరిపోయేదానికి మనుషులు రంపం కోసం వెతుకుతారు, అదేమిటో.

ఒక శ్రావణంలో వరద వచ్చింది. ఒడ్డు విరిగి పశువుల పాక ఏట్లో కలిసిపోయింది. ఇంటిని తీసుకుపోవడానికి పడవలు వచ్చి నిలబడ్డాయి. పెద్దిరాజు నా కొస మీద సుత్తితో కొట్టాడు. నేను కదల్లేదు. రోజుల తరబడి ముసురుకి నాని ఉబ్బిపోయాను. ఊడి రావడానికే పుట్టి, కావలసిన ఆ ఒక్కనాడు ఊడి రాలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన రంపం తెచ్చాడు. దూలం కోస్తే పొట్టిదైపోతుంది, ఆ ఇల్లు మళ్లీ లేవదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా రంపాన్ని దూలం మీద ఆనించాడు.

"ఆగండి," అంది నూకరత్నం. "మీ మోకాలు పట్టేత్తే కాలు కోసేత్తన్నామా?"

మూకుడులో ఉప్పు వేయించి, పాత గుడ్డలో మూటగట్టి నాకు కాపడం పెట్టింది. మూట చల్లారితే మళ్లీ వేడిచేసి పెట్టింది. నాలోని తడి మెల్లగా ఉప్పులోకి దిగిపోయింది.

"ఇప్పుడు కొట్టండి."

ఒక్క దెబ్బకి ఆమె అరచేతిలో పడ్డాను.

ఆ తర్వాత చూసింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. దూలాలు, స్తంభాలు, గుమ్మాలు ఒక్క గీత పడకుండా విడివడి పడవలెక్కాయి. ఇల్లంటే నేలే అనుకున్నాను అన్నాళ్లూ. నేల ఏట్లో కలిసిపోతుంటే, ఇల్లు మాతో పాటు పడవలో వస్తోంది.

అవతలి ఒడ్డున, మెరక మీద, అదే ఇల్లు మళ్లీ లేచింది. ఆచారి అప్పటికే కాలం చేశాడు. ఆయన తొలిచిన ప్రతి రంధ్రం తన దూలాన్ని గుర్తుపట్టింది. ఆఖరున నన్ను దిగగొట్టారు. కొస బయటికే వదిలేయమని నూకరత్నం దగ్గరుండి చెప్పింది.

గృహప్రవేశం నాడు పెద్దిరాజు వసారాలోకి వస్తూ ఠపీమని నాకు తగిలాడు. తిట్టు కోసం ఎదురుచూశాను. ఆయన నుదురు తడుముకోలేదు. చెయ్యి పైకెత్తి నన్ను తడిమాడు.

"ఉన్నావా," అన్నాడు.