ఏడక్షరాల కార్డు

ఏలీయా సారుకు చనిపోయిన మనిషి దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది.

చేతిరాత నబీ రసూల్‌దే, అందులో సందేహం లేదు. తోక మెలేసి రాసే ఆ అక్షరాలను ఏలీయా ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. ఆ మనిషిని పులివెందులలో మట్టి చేసి రెండు నెలలు దాటింది. తన చేతులతోనే మూడు పిడికిళ్ల మన్ను వేసి వచ్చాడు.

ప్రొద్దుటూరులో కలిసి చదువుకున్ననాటి నుంచి ఇద్దరికీ ఒక పిచ్చి ఆట ఉండేది. ఒకడు సంచిలో చెయ్యి పెట్టి ఏడు ఇంగ్లీషు అక్షరాల అట్టముక్కలు తీసి, వాటిని కార్డు మీద రాసి పంపాలి. రెండోవాడు ఆ ఏడింటితో ఎన్ని మాటలు కుదిరితే అన్నీ రాసి తిప్పి పంపాలి. ఏలీయా జమ్మలమడుగు మిషన్ బడిలో ఇంగ్లీషు అయ్యవారు. నబీ రసూల్ పులివెందుల తాలూకా ఆఫీసులో వట్టి గుమాస్తా. అయినా గెలిచేది గుమాస్తానే. ఆటకోసం ఆయన ఒక పెద్ద రిజిస్టరే కట్టాడు. డిక్షనరీలాగా మొదటి అక్షరం పట్టుకుని వెతికేది కాదది. మాటలో ఎక్కడున్నా సరే, ఏ అక్షరం ఉందో చూసి వెతికేది. జెడ్ ఉన్నవన్నీ ఒకచోట, డబ్ల్యూ, ఎన్ కలిసి ఉన్నవి ఇంకోచోట. ఏలీయాకు అలాంటిదేమీ లేదు, ఉన్నదల్లా బుర్ర, దాని మీద కొండంత గర్వం. అందుకే ఓడినప్పుడల్లా ఉడుక్కునేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం అలవాటు కొద్దీ ఏడక్షరాలు తీసి, రాసి, పోస్టుడబ్బాలో వేసేశాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గానీ ఎవరికి పంపాడో తట్టలేదు. ఇప్పుడు దానికి జవాబు వచ్చింది.

రెడ్, టెన్, టౌన్, నాట్, డౌన్, టో, వెట్, డ్రౌన్.

చివరి రెండు తప్ప మిగతావి ఏలీయా కంటికి ఆనలేదు. వెట్ అంటే తడి. డ్రౌన్ అంటే నీళ్లలో మునిగిపోవడం. కార్డును బోర్లా తిప్పి పెట్టాడు.

కారణం లేకపోలేదు. సెప్టెంబరులో పెన్న నిండుగా పారుతున్నప్పుడు, వరసగా మూడుసార్లు ఓడిన కోపంలో నబీ రసూల్‌కు ఇంగ్లీషులో ఒక కార్డు రాశాడు. వట్టి ఎకసెక్కం. కానీ ఆ ఆదివారం జమ్మలమడుగుకు వచ్చే బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోతే, నబీ రసూల్ పంచె ఎగగట్టి నీళ్లలో దిగాడు. మూడో రోజు ప్రొద్దుటూరు దగ్గర ఇసుకలో దొరికాడు. మట్టి చేసిన రోజు ఆయన భార్య మాబున్ని ఏలీయాను అడిగింది: "ఆ నీళ్లలో ఎందుకు దిగినాడన్నా?" అని. "నాకేం తెలుసమ్మా" అన్నాడు ఏలీయా.

ఉండబట్టలేక ఇంకో ఏడక్షరాలు పంపాడు. వారానికి జవాబు. టీ, ర్యాట్, నెయిల్, లేట్, ట్రెయిన్, లయర్, లైన్. లేట్ అంటే ఆలస్యం. లయర్ అంటే అబద్ధాలకోరు. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. బడిలో పిల్లలు బోర్డు మీద ఏం రాసినా ఆ రెండు మాటలే కనిపించాయి.

ఆదివారం ప్రార్థనకు కూడా పోకుండా పులివెందుల బస్సెక్కాడు. పెన్నలో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. దాన్ని చూడలేక కళ్లు మూసుకున్నాడు.

"నేనేనన్నా రాసేది," ఎవరు రాస్తున్నారని అడిగితే అంది మాబున్ని, గడప లోపల నిలబడి. "నాకు ఇంగ్లీషు యాడ వస్తాది? నీ కార్డు మీద అచ్చరాలు సూస్తా. రిజిస్టర్లో అవే అచ్చరాలుండే మాటలు ఏరతా. ఆయన రాత మాదిరే దించుతా. ఆయనుండంగా గూడా ఏరిచ్చేది నేనే గదా. ఏ మాటకు ఏం అర్థమో ఆయన జెప్పలా, నేనడగలా. ఆయన పోయినా నువ్వు కార్డు రాస్తివి. జవాబియ్యకుంటే ఎట్ల?"

ఏలీయాకు గుండెల మీది బండ దిగినట్టయింది. ఇన్నాళ్లూ తనను తిన్నవి, అర్థం తెలియని ఒక చెయ్యి చూసి దించిన గీతలు, అంతే. నవ్వు కూడా వచ్చింది. ఇచ్చిన టీ తాగి లేవబోయాడు.

మాబున్ని రిజిస్టరులోంచి ఒక కార్డు తీసింది.

"ఇదొక్కటి మాత్రం నాకు తెగలేదన్నా. ఆయన పోయే ముందు వచ్చిండేది. ఏడు అచ్చరాలు గాదు, శానా ఉండాయి. ఎన్ని రోజులు ఎతికినా కుదర్లా. ఇదేం ఆటో సూడు."

తన కార్డే. పండగ శుభాకాంక్షలమ్మా అంటే సరిపోతుంది. ఒక్క అబద్ధం, అదీ అలవాటైనదే. ఏలీయా నోరు తెరిచాడు. బడిపిల్ల పాఠం వినడానికి కూర్చున్నట్టు ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకు మళ్లీ అబద్ధం చెప్పడం ఏలీయా వల్ల కాలేదు.

"ఏరు సూసి భయమైతే ఓడిపోతినని రాసియ్యి. మగోడివైతే ఆదివారం వచ్చి ఎదురుగా కూర్చోని ఆడు," అని తెలుగులో చదివాడు. "ఎందుకు దిగినాడని అడిగితివే అమ్మా, దీనికే. తెలిసీ తెలీదంటి."

మాబున్ని ఆ కార్డును తిరిగి రిజిస్టరులో పెట్టింది. "నా కార్డుల్లో ఏం జూసి ఇంత దూరం వస్తివి?" అని అడిగింది. ఏలీయా రిజిస్టరులో లేట్, లయర్ అన్న రెండు మాటల మీద వేలు పెట్టి అర్థం చెప్పాడు. ఆమె వాటిని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది.

"బస్సుకు పొద్దాయ, పోయిరా," అంది.

ఇంటికొచ్చి ఏలీయా సంచి ముట్టలేదు. రెండోసారి పంపిన ఆ ఏడక్షరాలే మళ్లీ రాసి పంపాడు. తనకు పడే శిక్ష ఏదో ఆమె చేతి నుంచే రావాలనుకున్నాడు. ఎనిమిది రోజులు పోస్టుమ్యాన్ కోసం బడి వాకిట్లో నిలబడ్డాడు.

కార్డు వచ్చింది. అదే రాత, అదే వరస. టీ, ర్యాట్, నెయిల్, ట్రెయిన్, లైన్. లేట్ ఉండాల్సిన చోట, లయర్ ఉండాల్సిన చోట మాబున్ని ఏమీ రాయలేదు. రెండు వరుసలు ఖాళీగా వదిలిపెట్టింది.