తోడు వేసిన జనరేటర్

మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదని ఫోన్‌లో చెప్పారు.

మా వెనక గదిలో పన్నెండు గాజు తొట్లున్నాయి. వాటిలో మా కోడలు పెంచుతున్న రంగుచేపల పిల్లలు తొమ్మిది వందలు. ఆమె చేతిలో మొదటిసారి బతికి బట్టకట్టినవి అవే. అంతకుముందు రెండుసార్లు మొత్తం పోయాయి. రెండుసార్లూ ఆమె తొట్లు కడుక్కుని, ఎవరినీ ఏమీ అనకుండా మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు నీళ్లలోకి గాలి పంపే మోటారు ఆగిన అరగంటకే పిల్లలన్నీ నీటి పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

పెరట్లో రేకుల కింద చిన్న జనరేటర్ ఉంది. మా ఆవిడ మంచాన పడ్డప్పుడు, ఆమెకు ఊపిరి అందించే మిషన్ ఆగకూడదని కొన్నది. ఆమె పోయి ఏడాదిన్నర. దానిమీద కప్పిన దుప్పటి నేను తీయలేదు, ఎవరినీ తీయనివ్వలేదు.

ఆ రోజు కోడలే తీసింది. దులిపి, అంచులు కలిపి మడిచి, నా చేతికిచ్చింది. పక్కన పడేయలేదు.

తాడు ఎంత లాగినా ఇంజిన్ ఉలకలేదు. అబ్బాయి పనిమీద ఊరెళ్లాడు. కార్ల మెకానిక్ అయిన మా అల్లుడికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

“ఇది పెట్రోలు కాదు మామయ్యా, కషాయం!”

పాతది వంపేశాడు. కార్బురేటర్ విప్పి, పూడుకుపోయిన రంధ్రాన్ని సన్నటి తీగతో పొడిచాడు. ప్లగ్గు గీకి, కొత్త పెట్రోలు పోశాడు. ఈలోగా నేను మగ్గుతో తొట్టి నీళ్లు ముంచి, ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తున్నాను. అలా పోస్తే నీటికి కాస్త గాలి అందుతుందని కోడలు చెప్పింది. పన్నెండో తొట్టి దాకా వెళ్లేసరికి మొదటిదాంట్లో మళ్లీ నోళ్లు తెరుచుకునేవి.

నాలుగోసారి తాడు లాగేసరికి ఇంజిన్ అందుకుంది.

“చూశావా చెల్లెమ్మా? ఏ ఇంజినైనా మీ అన్నయ్య మాట వినాల్సిందే!”

“ఇంజిన్ విన్నది అన్నయ్యా. మరి బల్బు వినలేదేం?”

నిజమే. ఇల్లదిరేలా మోత, దానికి తగిలించిన బల్బులో మాత్రం చీకటి. అల్లుడు బల్బు మార్చాడు, వైరు మార్చాడు. కోడలు జనరేటర్ మీది స్విచ్చు దించి ఎత్తి చూసింది. లాభం లేకపోయింది.

“లోపల కాయిల్ కాలింది. షాపుకి పంపాల్సిందే. రెండు రోజులు.”

“వీటికి రెండు గంటల టైము కూడా లేదన్నయ్యా.” ఆమె వంగి వాసన చూసింది. “కాలితే కంపు కొట్టాలి. ఇది కాలలేదు. దీనికి తోడు అయిపోయింది.”

“తోడేమిటి, దీనికి పెళ్లి చేయాలా?”

“పాలు ఎన్నున్నా చెంచాడు పాత పెరుగు పడనిదే తోడుకోవు కదా! ఇదీ అంతే. లోపలి ఇనుములో పాత అయస్కాంతం కొంచెమైనా మిగిలుంటేనే కరెంటు పుడుతుంది. చాన్నాళ్లు తిప్పకుండా ఉంచితే అదీ పోతుంది.”

ఎవరు ఉంచారో అనలేదు. నావైపు చూడనూ లేదు.

“ఇదంతా నీకెవరు నేర్పారమ్మా?” అన్నాను.

“మా నాన్నది కాలిన మోటార్లకు తీగ చుట్టే కొట్టే కదా మామయ్యా. పెళ్లయ్యేదాకా అక్కడ కాయిళ్లు చుట్టింది నేనే.”

నాలుగేళ్లుగా మా ఇంట్లో ఉంది. ఏం చదివిందో పదిమందికి చెప్పుకున్నాను గానీ, ఏం పని వచ్చో ఒక్కసారీ అడగలేదు.

లోపలికెళ్లి గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లు తెచ్చి, దాని వైరు జనరేటర్‌కు తగిలించింది.

“అన్నయ్యా, డ్రిల్లు స్విచ్చు నొక్కి గట్టిగా పట్టుకోండి. దీని మూతిని నేను ఎదురువైపు గిర్రున తిప్పుతాను. చిటికెడు కరెంటు పుడుతుంది. అదే తోడు.”

“వేళ్లు జాగ్రత్త తల్లీ. మీ ఆయనకి నేను జవాబు చెప్పుకోలేను.”

తిప్పి వేళ్లు తీసింది. ఏమీ లేదు. మళ్లీ తిప్పింది. ఏమీ లేదు.

“అయిదో తొట్టిలో పక్కకి ఒరిగిపోతున్నాయమ్మా!” అని, తొట్లు చూడబోయిన నేను గది గుమ్మంలోంచి అరిచాను.

ఆమె అరచెయ్యి బట్టకు తుడుచుకుని మూడోసారి తిప్పింది. డ్రిల్లు ఒక్క పెట్టున గుర్రుమంది. అల్లుడు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. బల్బు వెలిగింది.

మోటారు తగిలించగానే తొట్లన్నిటిలో బుడగలు లేచాయి. చేపపిల్లలు ఒక్కొక్కటీ నోళ్లు మూసుకుని కిందికి దిగాయి. అయిదో తొట్టిలో పదకొండు దిగలేదు. కోడలు వాటిని చిన్న వలతో తీసేసింది.

“చెల్లెమ్మా,” అన్నాడు అల్లుడు మెల్లగా, “రేపు మా షెడ్డుకి రావాలి. మావాళ్లకి చూపించాలి. ముందు నాకు చూపించాలనుకో!”

అప్పుడు పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి చెయ్యి ఊపాడు. “మెకానిక్ అల్లుడుండటం ఎంత అదృష్టమండీ!”

“ఇంజిన్ కదిలించింది అల్లుడు. కరెంటు పుట్టించింది మా కోడలు!” అని అరిచాను.

ఆ రొదలో ఆయనకు వినపడలేదు. “ఆఁ?” అన్నాడు.

“కోడలండీ! మా కోడలు!”

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. నేను గోడ దగ్గరికి వెళ్లి, అంతా మొదటి నుంచీ చెప్పాను.