రేవుపాలెం స్టేషన్ కొలతలు

శిక్షణ మూడో రోజు ఉదయం పదింటికి రేవుపాలెం పోలీస్ స్టేషన్ నడుచుకుంటూ వచ్చి తరగతి గదిలో వెనక వరసలో కూర్చుంటుంది. మెట్లు లోపలికి ముడుచుకుని, వరండా సర్దుకుని, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చుంటుంది. హాజరు పట్టీలో దాని పేరు ముందే ఉంది కాబట్టి ఎవరూ తల తిప్పి చూడరు. నర్గీస్ బేగం గారు పేరు పిలవగానే అది పైకప్పు మీది జెండా ఒకసారి ఊపుతుంది. ఆవిడ టిక్కు పెట్టుకుంటారు.

దమయంతి మాత్రం కూర్చున్న చోట కుదురుగా ఉండలేకపోతోంది. భయంతో కాదు, సంబరంతో. బజారు వీధిలో ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి. పోలీసులు తప్పు చేస్తే నిలదీసి అడగడానికి మామూలు జనంలోంచి ఐదుగురిని ఏరి మండలి వేసినప్పుడు, అందులో ఆమె పేరూ వచ్చింది. అడగడం ఎలాగో నేర్పడానికి ఇప్పుడు ఈ శిక్షణ. ఏడో తరగతితో బడి మానేసిన ఆమెకి కొత్త నోటుబుక్కు వాసన ఇన్నేళ్లకి మళ్లీ తగిలింది. మూడు రోజులుగా అన్నం కూడా సరిగ్గా సహించడం లేదు.

నర్గీస్ బేగం గారు జడ్జిగా పనిచేసి రిటైరయ్యారు. పట్నం నుంచి ఒక రేకు పెట్టెలో పాఠాలు సర్దుకుని వచ్చారు. మొదటి రోజు పాఠం టీ తాగకపోవడం. అందరికీ అల్లం టీ ఇచ్చి, ముట్టుకోకండి అన్నారు. మండలి అధ్యక్షులు జోగారావు మాస్టారు మొహమాటానికి ఒక గుక్క తాగేశారు. అప్పట్నుంచి ఆయన నోట్లోంచి ‘బాగుందండీ’ తప్ప ఇంకో మాట రావడం లేదు. ఇంట్లో కూడా ఇదే వరసట. భార్య ఆయన్ని ఏమీ అడగడం మానేసింది.

గుమ్మం పక్కన పోలమ్మ కూర్చుని ఉంది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. పోయిన నెల ఒక మంగళవారం, వల దగ్గర తగువు గురించి అడగాలి రమ్మని ఆమె మొగుడు దానయ్యను స్టేషన్‌కి పిలిచారు. వెళ్లాడు. బయటికి రాలేదు. ఇక్కడున్నవి ఎనిమిది గదులు, ఎనిమిదీ వెతుక్కోండి అన్నారు స్టేషన్ వాళ్లు. ఆమె వెతుక్కుంది. ఈ సాయంత్రం ఐదింటిలోగా మండలి ఏదో ఒకటి తేల్చకపోతే ఫైలు మూసేస్తారు. మూసేసిన ఫైల్లోని మనిషి లోపలికి వెళ్లనే లేదని అర్థం. వెళ్లనివాడు తిరిగి రావడం నిబంధనలు ఒప్పుకోవు.

“నానేటీ ఎక్కువ అడగనమ్మా. ఉన్నోడైతే సూపించండి, నేనోడైతే ఎటెల్లాడో సెప్పండి” అంటుంది పోలమ్మ. దమయంతి ఆమె కళ్లలోకి చూడలేకపోతుంది.

చూడలేకపోవడానికి కారణం ఉంది. అదే మంగళవారం దమయంతి మండలి తరఫున మొదటిసారి స్టేషన్ చూడ్డానికి వెళ్లింది. వెళ్లగానే కుర్చీ వేశారు, శాలువా కప్పారు, టీ ఇచ్చారు, సందర్శకుల పుస్తకం ముందు పెట్టారు. మర్యాద చేసిన ఇంట్లో పుల్ల విరిచినట్టు మాట్లాడతామా? కుర్చీలోంచి లేవకముందే ‘అన్ని గదులూ చూశాను, అంతా బాగుంది’ అని రాసి సంతకం పెట్టేసింది. సంతకం చివర చుక్క పెడుతుంటే లోపల ఏదో గోడ జరిగిన చప్పుడైంది. బల్ల జరుపుతున్నారేమో అనుకుంది. కొలవకుండా ఒక్కనాడూ గుడ్డకి కత్తెర పెట్టని మనిషి, చూడకుండా చూశానని రాసేసింది. ఆ సిగ్గు ఆమెను తినేస్తోంది.

“ఈరోజు పాఠం చూడటం” అంటారు నర్గీస్ బేగం గారు. “స్టేషన్‌ని ఎవరు చూస్తారు?”

దమయంతి చెయ్యి ఆమెకంటే ముందే లేస్తుంది.

మెడలోని టేపు తీసి స్టేషన్ దగ్గరికి వెళ్తుంది. చేతులెత్తమంటే అది రెండు పక్కలా సన్‌షేడ్లు ఎత్తుతుంది. కొలిచేటప్పుడు మాత్రం ఊపిరి బిగబడుతుంది. నడుము సన్నగా కనిపించాలని ఆడవాళ్లంతా చేసే పనే ఇది. ఊపిరి వదలమ్మా, తర్వాత బిగుతైందని నన్నే తిడతావు అని దమయంతి మెల్లగా చెబుతుంది. స్టేషన్ ఊపిరి వదులుతుంది. కిటికీల్లోంచి పాత కాగితాల దుమ్ము రేగుతుంది. బయట పొడవు నలభై నాలుగు అడుగులు. రాసుకుంటుంది.

తర్వాత చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, గది తర్వాత గది కొలుస్తుంది. ఎనిమిది గదులూ రెండు వరసల్లో ఉన్నాయి; ఏ వరస చూసినా గోడలన్నీ కలిపి ముప్ఫై ఆరు. మళ్లీ కొలుస్తుంది. ముప్ఫై ఆరే. నలభై నాలుగులోంచి తీసేస్తుంది. ఎనిమిది అడుగులు ఎక్కడో ఉన్నాయి. ఎక్కడో ఉన్నవాటిలో ఒక మనిషి పట్టేంత చోటుంటుంది.

సి.ఐ. పరమేశం వరండాలో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, చాలా మర్యాదస్తుడు. సందర్శకుల పుస్తకం తెరిచి ఆమె సంతకం చూపిస్తాడు.

“మేం ఏ గదీ దాచలేదమ్మా. మీరు అన్నీ చూశానని రాశారు. మీరు చూడని గది ఒకటి మిగిలితే మీ మాట అబద్ధమవుతుంది. పెద్దవారి మాట అబద్ధం కాకూడదని ఆ గదే తప్పుకుంది.”

దమయంతి తన వాక్యాన్ని కొట్టేయబోతే నర్గీస్ బేగం గారు చెయ్యి పట్టుకుని ఆపుతారు. రాసింది రాసినట్టే ఉండాలట. తప్పు చేసిన వాళ్ల పేరు కనబడకపోతే తప్పూ కనబడదట. దాని కింద ప్రశ్న రాయాలట, ఒక్కటే, చిన్నది.

ఇదంతా అయ్యేసరికి సాయంత్రమైంది, ఐదుకి ఏడు నిమిషాలు తక్కువ. జోగారావు మాస్టారు బల్లెక్కి గోడ గడియారం పెద్దముల్లును రెండు చేతులా పట్టుకుని వేలాడుతూ, బాగుందండీ, బాగుందండీ అంటూ దాన్ని కదలనివ్వడం లేదు. దమయంతి తన సంతకం కింద రాస్తుంది: ‘ఎనిమిది అడుగులు ఎక్కడ?’

అయిదో గది గోడకి చెమట పడుతుంది. సున్నం జారి, దాని కింద పైనుంచి కిందికి ఒక కుట్టు బయటపడుతుంది. చేత్తో వేసిన కుట్టు, తొందరలో వేసింది, దూరం దూరంగా. ఇలాంటివి విప్పడం దమయంతికి వెన్నతో పెట్టిన విద్య. జాకెట్లో దోపుకున్న బ్లేడు ముక్కతో మొదటి ముడి కోసి దారం లాగుతుంది. గోడ మొత్తం గుడ్డలా కుప్పకూలుతుంది.

లోపల దానయ్య గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. లుంగీ ఇంకా ఆ మంగళవారం వానకి తడిసే ఉంది. కుడి చెయ్యి వాచి ఉంది. పోలమ్మ ఏడవదు, అరవదు. “లెగు. కూడు సల్లారిపోనాది” అంటుంది. అతను లేస్తాడు. దమయంతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేస్తాయి, రెండింట్లో దేన్నీ ఆపుకోదు.

దానయ్య పేరు నోటుబుక్కులో రాస్తుంది. అతను గుమ్మం దాటుతాడు. అతని వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు. ఆ వెనక ఇంకో ఇద్దరు. ఎనిమిది అడుగుల గదిలోంచి జనం వస్తూనే ఉన్నారు. పేరు రాస్తేనే గుమ్మం దాటగలరు, కాబట్టి ఆమె రాస్తూనే ఉంటుంది. నోటుబుక్కు అయిపోతుంది. కట్టుకున్న తెల్ల నూలు చీర కొంగు తీసి దాని మీద రాస్తుంది. కొంగు నిండుతుంది, చీర ఇంకా వస్తుంది. వీధిలో జనం దుమ్ము తగలకుండా దాన్ని ఎత్తి పట్టుకుంటారు. చీర సముద్రం వైపు సాగిపోతుంటుంది. వేలు నొప్పి పుడుతున్నా దమయంతికి ఆగాలని లేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషంగా ఏ పనీ చేయలేదు.

ఇప్పుడు వచ్చినవాడు పాతికేళ్ల కుర్రాడు. ఖాకీ నిక్కరు, కాళ్లకి చుట్టిన పట్టీలు, పాతకాలపు కానిస్టేబుల్ దుస్తులు.

“కొట్టమన్నారండి. నేను కొట్టనన్నాను. నన్నూ ఇందులోనే ఉంచారు. నాది కూడా రాస్తారా?”

పేరు చెప్పమంటుంది దమయంతి. అతను నోరు తెరిచేలోపే వరండాలోంచి పరమేశం అంటాడు: “గంగరాజు. మా నాన్న.”

దమయంతి రాస్తుంది. గంగరాజు గుమ్మం దాటి, నెత్తి నెరిసిన కొడుకు దగ్గరికి వెళ్లి, అతని ముఖం అరచేత్తో తుడుస్తాడు. రెండేళ్ల పిల్లాణ్ణి ఎత్తినట్టు అతన్ని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుంటాడు. బూట్లు తండ్రి గుండెల మీద వేలాడుతుంటాయి. ఆ ఎత్తు మీంచి పరమేశానికి సముద్రంలోకి వెళ్లిన చీర కొస కనిపిస్తుంది. అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఊరందరికీ వినబడేలా, అక్కణ్ణుంచి ఒక్కొక్క పేరే చదవడం మొదలుపెడతాడు.